షాడో ఆఫ్ ఎ డౌట్: మేనమామ ఇంటికొచ్చిన కథ

మన ఊళ్ళ తెలుగు గురించి రాసుకునే చోట హాలీవుడ్ సినిమా సంగతేమిటని కొందరు అడగొచ్చు. బంధుత్వ పదాల మీద ఇక్కడ చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1943లో తీసిన 'షాడో ఆఫ్ ఎ డౌట్' గుర్తుకొస్తుంది. ఆ సినిమా అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది, ఆ మాట 'అంకుల్'. అమ్మ తమ్ముడైనా, నాయన అన్నయినా, పిన్ని మొగుడైనా ఇంగ్లీషోడికి అంకులే. మనకట్లా కాదు. పెదనాయన వేరు, చిన్నాయన వేరు, మామ వేరు. ఈ కథలో వచ్చేది అచ్చంగా మామ, అమ్మకు సొంత తమ్ముడు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే సినిమా ఇంకో రకంగా కనబడుతుంది. అమెరికావాళ్ళ కంటే మనకే ఎక్కువ భయం వేస్తుందని నా అభిప్రాయం.

కథ తెలియనివాళ్ళకు ముందే చెప్తున్నా, చివరిదాకా అంతా చెప్పేస్తాను. ఎనభై ఏండ్లు దాటిన సినిమాకు సస్పెన్స్ దాచి ప్రయోజనం లేదు. పైగా హంతకుడెవరో హిచ్‌కాకే మొదటి పది నిమిషాల్లో దాదాపు చెప్పేస్తాడు.

కాలిఫోర్నియాలో సాంటా రోజా అనే చిన్న ఊరు. అక్కడ న్యూటన్ కుటుంబం. తండ్రి జోసెఫ్ బ్యాంకు ఉద్యోగి, తల్లి ఎమ్మా, ముగ్గురు పిల్లలు. పెద్దపిల్ల పేరు షార్లెట్, ఇంట్లో పిలిచేది చార్లీ అని. ఆ పేరు మేనమామ చార్లీ పేరు మీద పెట్టిందే. ఇంట్లో రోజులన్నీ ఒక్కలాగే గడుస్తున్నాయని పిల్ల మంచమ్మీద పడుకుని విసుక్కుంటూ, మామ వస్తే బాగుండునని టెలిగ్రాం ఇవ్వడానికి పోతుంది. అప్పటికే మామ టెలిగ్రాం వచ్చి ఉంటుంది, తానే వస్తున్నానని. పిల్ల సంబరపడిపోతుంది, మనసూ మనసూ కలిసిందని. ఆయన రైలు స్టేషన్లోకి వచ్చేటప్పుడు నల్లటి పొగ కమ్ముకుంటుంది. అంతకంటే హెచ్చరిక ఏం కావాలి?

మామ డబ్బున్న వితంతువులను మాయచేసి, గొంతు పిసికి చంపి, సొమ్ము తీసుకునే రకం. తూర్పు వైపు పోలీసులు వెంటపడితే అక్క ఇంటికొచ్చి దాక్కున్నాడు. ఇద్దరు డిటెక్టివులు సర్వే చేసేవాళ్ళమని చెప్పి ఇంట్లోకి వస్తారు. పిల్లకు మెల్లగా అనుమానం మొదలవుతుంది. అనుమానం నిజమయ్యాక ప్రాణం మీదకొస్తుంది.

రాగానే మామ అందరికీ బహుమతులు ఇస్తాడు. బావకు వాచీ, అక్కకు మెడ మీద వేసుకునే బొచ్చు కోటు, అమ్మానాయనల పాత ఫోటోలు. మేనకోడలికి మాత్రం వంటింట్లో విడిగా పచ్చ పొదిగిన ఉంగరం. తానే ఆమె వేలికి తొడుగుతాడు. ఇక్కడ ఒక అమెరికా ప్రేక్షకుడికి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, అంతే. మనకో? మా హోసూరు వైపు అమ్మ తమ్ముడు అక్క కూతురిని చేసుకోవడం మొన్నమొన్నటిదాకా మామూలు. తమిళుల్లోనూ అంతే, కన్నడం వాళ్ళలోనూ అంతే. పిల్ల పుట్టినప్పుడే ఇది నా పెండ్లామని తమాషా పట్టించే మామలు ప్రతి ఇంటా ఉండేవాళ్ళు. కొన్ని ఇండ్లల్లో పెండ్లయినాక మొగుణ్ణి పిలిచేదీ 'మామా' అనే. కాబట్టి మామ ఉంగరం తొడిగితే మనం ఉలిక్కిపడేది వేరే లెక్కలో. హిచ్‌కాక్‌కు ఈ ఆచారం తెలుసో లేదో నాకు అనవసరం. కానీ ఆ వంటింటి సీనులో కెమెరా నిలబడిన తీరు, పిల్ల ముఖంలో ఆ మురిపెం చూడండి. మనం ఇద్దరం కవలల్లాంటివాళ్ళమని ఆ పిల్ల అంటుంది. మాట ప్రేమగా ఉంది, దాని కింద ఇంకేదో కదులుతోంది. టెరెసా రైట్ ఆ రెండూ ఒక్కసారే చూపించింది.

ఉంగరం లోపల సన్నటి అక్షరాలు చెక్కి ఉంటాయి: టి.ఎస్., ఇచ్చినవాడు బి.ఎం. ఎవరిదో పాతది అంటగట్టి షాపువాడు మోసం చేశాడని మామ సర్దుకుంటాడు. తరువాత పిల్ల రాత్రి తొమ్మిదింటికి మూసేసే లైబ్రరీకి పరుగెత్తి, పాత పేపర్లో చచ్చిపోయిన వితంతువు పేరు చదివి, వేలికున్న ఉంగరం తీసి అక్షరాలు చూసుకుంటుంది. అప్పుడు కెమెరా మెల్లగా పైకి పైకి పోతుంది, పిల్ల అంత పెద్ద గదిలో ఒక్కతే చిన్నదైపోతుంది. ఒక్క మాట లేదు. ఇప్పటి థ్రిల్లర్లలో ఇదే చోట డప్పులు వాయించి, గతం ముక్కలు ముక్కలుగా నాలుగుసార్లు చూపిస్తారు, మనకు అర్థం కాలేదేమోనని.

ఇక నా వృత్తికి సంబంధించిన సీను ఒకటుంది, దాన్ని వదిలిపెట్టలేను. మామ బావ పనిచేసే బ్యాంకుకు పోయి నలబై వేల డాలర్లు డిపాజిట్ చేస్తాడు. 1943లో నలబై వేలంటే సామాన్యం కాదు. కౌంటర్ దగ్గర నిలబడి, అందరికీ వినబడేలా, లెక్కల్లో తేడాలొచ్చాయా, సొమ్ము కాజేస్తున్నారా అని బావను ఆట పట్టిస్తాడు. జోసెఫ్ సిగ్గుతో చచ్చిపోతాడు. బ్యాంకు పెద్దాయన మాత్రం నవ్వుతూ ఆదరిస్తాడు, డిపాజిట్ పెద్దది కదా. మేం సర్వీసులో చేరిన రోజుల్లో కొత్త ఖాతా తెరవాలంటే పాత ఖాతాదారుడి పరిచయ సంతకం ఉండాలి. వచ్చినవాడు మన స్టాఫుకు బావమరిది అయితే ఇంకెవడు ప్రశ్నిస్తాడు? ఇప్పుడు కేవైసీ, పాన్ అన్నీ వచ్చినాయి గానీ, మనిషి సూటు బాగుండి, చుట్టరికం కలిస్తే కౌంటర్ అవతల కూర్చున్నవాడి బుర్ర మెత్తబడడం మారలేదు. హిచ్‌కాక్ ఈ సీనును తమాషాగానే తీశాడు. అయినా సినిమా మొత్తంలో ఊరు ఎట్లా మోసపోయిందో ఈ మూడు నిమిషాల్లోనే తెలుస్తుంది. చంపిన ఆడవాళ్ళ సొమ్ము అది. దాన్ని లెక్కపెట్టి పాస్‌బుక్కులో రాసి ఇచ్చింది పిల్ల తండ్రి పనిచేసే చోట.

మన పురాణాల్లో మేనమామలకు మంచి పేరు తక్కువే. కంసుడు మేనమామ, శకుని మేనమామ. రోహిణి నక్షత్రంలో బిడ్డ పుడితే మామకు గండమని మన ఆడవాళ్ళు ఇప్పటికీ శాంతి చేయిస్తారు. అయినా ఇంట్లో మామకున్న చనువు ఇంకెవ్వరికీ లేదు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకునేది ఆయనే, చెవులు కుట్టేటప్పుడూ ఆయనే. తమిళనాట 'తాయ్‌మామన్ సీరు' లేనిదే ఆడపిల్ల వేడుక జరగదు, అక్కడున్న మన ఇండ్లల్లోనూ అదే పద్ధతి పాకింది. భయమూ చనువూ రెండూ ఒక్క మాటలో దాచుకున్నవాళ్ళం మనం. అందుకే సినిమాలో పిల్ల ఎందుకు నోరు విప్పదని విదేశీ విమర్శకులు కొందరు వాదులాడినా, మన ఆడవాళ్ళు ఎవ్వరూ ఆ ప్రశ్న వేయరు.

ఆ మౌనమే ఈ సినిమాలో అసలు సరుకు. పిల్లకు నిజం తెలిసింది. డిటెక్టివుకూ తెలుసు. తల్లికి చెప్తే ప్రాణం పోతుంది, ఎందుకంటే ఎమ్మాకు తమ్ముడంటే పుట్టింటి జ్ఞాపకమంతా. తమ్ముడు వెళ్ళిపోతానన్నప్పుడు అందరి ముందూ ఆమె ఏడుస్తుంది. పెండ్లయినాక మనిషి తనెవరో మరిచిపోతుందని అర్థం వచ్చేలా నాలుగు మాటలంటుంది. పాట్రీషియా కాలింజ్ చేసిన ఆ పాత్ర నాకు హంతకుడి పాత్ర కంటే ఎక్కువ గుర్తుండిపోయింది. ఫోనులో గట్టిగా అరుస్తుంది, తీగ మీద నమ్మకం లేనట్టు. మన పెద్దమ్మలు ట్రంకు కాల్‌లో అరిచినట్టే. ఈ అమాయకురాలి కోసం కూతురు తన ప్రాణాన్ని పణంగా పెడుతుంది. మామకు ఈ లెక్క బాగా తెలుసు. అక్క పేరు చెప్పే పిల్ల నోరు కట్టేస్తాడు.

వెనక మెట్ల పలక విరగ్గొట్టి ఉంటుంది, పిల్ల పడుతుంది. తరువాత కారు షెడ్డులో ఇంజను నడుస్తూ పొగ నిండి, తలుపు బిగుసుకుపోతుంది. పక్కింటి హెర్బీ విని అరిస్తే బయటపడుతుంది. ఈ హెర్బీ, తండ్రి జోసెఫ్ ఇద్దరికీ నేర పరిశోధన కథల పిచ్చి. ఎవర్ని ఎట్లా చంపితే దొరకమో అని సాయంత్రాలు కూర్చుని ముచ్చటించుకుంటారు. నిజమైన హంతకుడు అదే వరండాలో చుట్ట కాల్చుకుంటుంటే వీళ్ళకు తెలీదు. నవ్వొస్తుంది, ఆ నవ్వే గొంతులో అడ్డం పడుతుంది. స్క్రీన్‌ప్లే రాసినవాళ్ళలో థార్న్‌టన్ వైల్డర్ ఉన్నాడు, చిన్న ఊరి జీవితం మీద 'అవర్ టౌన్' నాటకం రాసినాయన. ఇంటి మాటలు అంత సహజంగా రావడానికి ఆయన చెయ్యి కారణమనుకుంటాను.

భోజనాల బల్ల దగ్గర మామ వితంతువుల గురించి మాట్లాడే సీను ఉంది. మొగుళ్ళ సొమ్ము తిని కొవ్వెక్కిన జంతువులన్నట్టు మాట్లాడతాడు. వాళ్ళూ మనుషులే కదా అని పిల్ల గొంతు వినబడితే, అప్పటిదాకా పక్కకున్న ముఖం తిప్పి సూటిగా మన వైపు చూస్తాడు. జోసెఫ్ కాటన్ అందగాడు, మెత్తటి గొంతు. క్రూరత్వం ఆ గొంతులోనే ఉంది, అరుపులో కాదు.

లోపాలు లేవని కాదు. డిటెక్టివు గ్రహాంతో ప్రేమ వ్యవహారం అతికించినట్టుంది. కారు షెడ్డులోనే పెండ్లి మాట ఎత్తుతాడు, ఆ షెడ్డులోనే తరువాత పిల్లకు ఊపిరాడకుండా పోతుంది, ఆ పోలిక ఒక్కటే దానికి ప్రయోజనం. ఇంకో అనుమానితుడు విమానం ప్రొపెల్లర్‌లో పడి చచ్చాడని, దాంతో కేసు మూసేశారని చెప్పడం రచయితల సౌకర్యం కోసమే. చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిందనే వివరణ కూడా అనవసరం. చెడ్డ మామకు కారణం చెప్పకపోతేనే నాకు ఎక్కువ నమ్మకం కలిగేది.

పార్టీలో పిల్ల మెట్లు దిగి వస్తుంది, కటకటా మీద చెయ్యి, ఆ చేతికి తిరిగి అదే ఉంగరం. మామ చేతిలో గ్లాసు ఎత్తి ఏదో చెప్పబోతున్నాడు. ఉంగరం చూసి మాట మార్చి, రేపే వెళ్ళిపోతున్నానంటాడు. బంధువుల మధ్య, ఒక్కరికీ తెలీకుండా, ఇద్దరి మధ్య బేరం తెగిపోయింది. ఏ సొమ్ముతో కట్టేద్దామనుకున్నాడో ఆ సొమ్మే అతణ్ణి ఇంట్లోంచి పంపించింది.

తరువాత రైలు. సాగనంపడానికి ఎక్కిన పిల్లను దిగనీకుండా పట్టుకుని, వేగం పెరిగాక తోసేయాలని చూస్తాడు. పెనుగులాటలో తానే జారి ఎదురొచ్చే రైలు ముందు పడతాడు. ఊరంతా అతనికి ఘనంగా అంత్యక్రియలు చేస్తుంది, గుడిలో పొగుడుతుంటే పిల్ల బయట నిలబడి ఉంటుంది.

దీనికి తెలుగులో ఉపశీర్షికలు రాసే యోచన ఎవరికైనా ఉంటే ఒక మనవి. 'అంకుల్ చార్లీ' అన్నచోటల్లా అట్లాగే వదిలేయకండి. ఇప్పుడు బెంగళూరులో, చెన్నైలో మన పిల్లలకు ఆటో డ్రైవరూ అంకులే, మేనమామా అంకులే. ఇక్కడ మాత్రం 'మామ' అనాలి. చివర్లో డిటెక్టివుతో మాట్లాడేటప్పుడు కూడా ఆ పిల్ల నోట ఆ మాటే ఉంచండి.