గుమ్మం దాటితేనే లెక్క

బెల్జియంలో వేసవి పావురాల పందేల రోజుల్లో పెరటి గూళ్ల దగ్గర జనం ఆకాశం కేసి మెడలు రిక్కించి నిలబడతారు. పావురం కనపడిందంటే కంగారు అప్పుడే మొదలు. పక్షులన్నిటినీ ఒకేచోట వదులుతారు, గూళ్లు మాత్రం ఎవరివి వాళ్లవి, కాబట్టి దూరాలూ వేరు. అందుకే దూరాన్ని కాలంతో భాగించి, నిమిషానికి ఎన్ని మీటర్లో చూస్తారు. కాలం ఆగేది పక్షి ఇంటికప్పు మీద వాలినప్పుడు కాదు, గూట్లోకి అడుగుపెట్టినప్పుడు. 500 కిలోమీటర్లు 400 నిమిషాల్లో ఎగిరొచ్చిన పావురం కప్పు మీద ఒక్క నిమిషం ఈకలు దువ్వుకుంటూ కూర్చుందా, వేగం 1250 నుంచి దాదాపు 1247కి జారుతుంది. బహుమతి గోవిందా!

ఒకప్పుడు పక్షిని ఒడిసిపట్టి, కాలి రబ్బరు ఉంగరం ఊడదీసి, చిన్న గొట్టంలో పెట్టి, గడియారంలో వేసి మీట తిప్పితేనే సమయం అచ్చుపడేది. తొందరలో వేళ్లు వణికితే సెకన్లు పోయేవి. ఇప్పుడు కాలికి చిప్పు ఉంగరం, గుమ్మంలో యాంటెన్నా పలక. పక్షి దానిమీద కాలు మోపితే చాలు, పరికరం సెకనుతో సహా నమోదు చేసుకుంటుంది.

అయినా నా ఓటు పెంపకందారు చేతిలోని గింజల డబ్బాకే. రమ్మంటే రావడం చిప్పు నేర్పదు కదా! పిల్లగా ఉన్నప్పటి నుంచే కాస్త ఆకలి మీద ఎగరేసి, డబ్బా గలగలలాడించి లోపలికి పిలుస్తాడు. గుమ్మానికి వేలాడే తీగలు లోపలికే ఊగుతాయి. తలతో నెట్టి దూరిన పక్షి మళ్లీ బయటికి రాలేదు.