కొలబద్దలో లేని జన్యువు: వరి జన్యుక్రమ పోలికలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

వరి రకాల మధ్య జన్యుభేదాలను జన్యుక్రమ నిర్ధారణ ద్వారా కొలిచే పరిశోధనలు గత రెండు దశాబ్దాలలో విస్తృతంగా వెలువడ్డాయి. ఆ ఫలితాలను ‘ఎంత తేడా’ అనే ఒక్క అంకెగా చదివితే రైతుకు పనికివచ్చే తేడా మరుగున పడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోలికకు ఎంచుకున్న ప్రమాణం, లెక్కించిన భేదం, సేకరించిన నమూనా అనే మూడు అంశాలను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల చెరువు కింది వరిసాగును దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వరి, జన్యుక్రమం, జన్యువైవిధ్యం, దేశవాళీ రకాలు, చెరువు ఆయకట్టు, పెన్న, చిత్రావతి.

1. ఉపోద్ఘాతం

ఉమ్మడి అనంతపురం జిల్లా అనగానే వేరుశనగ గుర్తుకు వస్తుంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడే ఆ సీమలో వరి చెరువు కిందనో, బోరు కిందనో మాత్రమే పండే పంట. 2022లో శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వ్యవసాయచరిత్ర చాలావరకు నీటిని నిలుపుకొనే ప్రయత్నాల చరిత్రే. హెన్నె నదిని, అంటే పెన్నను, కాలువ తవ్వి పెనుకొండ వైపు మళ్లించే పనిని సింగయభట్టు అనే జలసూత్రధారి 1388లో నిర్వహించినట్లు విజయనగర కాలపు శాసనం చెబుతుంది. ధర్మవరం చెరువుకు చిత్రావతి ఆధారం. ఈ నదులు ఏడాది పొడుగునా పారవు. చెరువు నిండిన ఏడు మడి నాటుతారు. నిండని ఏడు బీడు పెడతారు. నిండినా, గింజ పాలుపోసుకొనే దశలో నీరు చాలకపోవచ్చు.

కాబట్టి ఇక్కడ వరి రకాల మధ్య తేడా అన్న మాటకు ఒక నిర్దిష్టమైన అర్థం ఉంది. నీరు వెనుకపట్టినప్పుడు ఏ రకం నిలుస్తుంది, ఏది తాలుపోతుంది అన్నదే ఆ అర్థం. ప్రయోగశాలలో కొలిచే జన్యుభేదం ఈ ప్రశ్నకు ఎంతవరకు సమాధానం ఇస్తుందన్నది పరిశీలించవలసిన విషయం.

2. ప్రమాణం ఎవరిది?

2005లో అంతర్జాతీయ బృందం వరి జన్యుక్రమాన్ని పూర్తిగా ప్రకటించింది. 12 క్రోమోజోములలో దాదాపు 39 కోట్ల అక్షరాల ఆ క్రమం జపాన్‌కు చెందిన ‘నిప్పన్‌బారె’ అనే జపానికా రకానిది. 11వ క్రోమోజోము పనిలో భారతీయ శాస్త్రవేత్తలు పాలుపంచుకొన్నారు. ఆ తరువాతి పోలికలకు ఈ క్రమమే కొలబద్ద అయింది. చైనా వ్యవసాయ విజ్ఞాన అకాడమీ, బీజీఐ సంస్థ, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కలిసి చేపట్టిన ప్రాజెక్టు 89 దేశాల నుంచి వచ్చిన 3,010 నమూనాలను పరిశీలించి, 2018లో దాదాపు 2.9 కోట్ల ఏకాక్షర భేదాలను నమోదు చేసింది.

ఈ పద్ధతిలో కొత్త రకపు డీఎన్‌ఏను వంద అక్షరాల స్థాయి చిన్న తునకలుగా చదివి, ఒక్కొక్క తునకను ప్రామాణిక క్రమంలో సరిపోయే చోట అమర్చుతారు. సరిపోయే చోట అక్షరం మారితే అది భేదంగా నమోదవుతుంది. అసలు చోటే దొరకని తునక మాత్రం లెక్కలోకి రాకుండా మిగిలిపోతుంది. నిప్పన్‌బారెలో లేని జన్యువు మరొక రకంలో ఉంటే, కేవలం ఈ అమరిక మీద ఆధారపడిన పోలికకు అది కనబడదు.

ఇది ఊహాజనితమైన లోపం కాదు. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకం నుంచి ముంపును తట్టుకొనే సబ్1ఏ జన్యువును 2006లో గుర్తించారు. భాస్వరం కొరవడిన నేలలో వేరును పెంచే పీస్టాల్1 జన్యువును ‘కసలత్’ అనే దేశవాళీ రకం నుంచి 2012లో గుర్తించారు. ఈ రెండూ నిప్పన్‌బారెలో లేవు. దక్షిణాసియా రైతుల నేలలో రూపుదిద్దుకొన్న రెండు విలువైన జన్యువులు కొలబద్దలోనే లేవన్నమాట. ఈ పరిమితిని పరిశోధకులు గుర్తించకపోలేదు. 2018 నాటి అధ్యయనమే అమరని తునకలను విడిగా కూర్చి, ప్రామాణిక క్రమంలో లేని 10,000కు పైగా జన్యువులను వెలికితీసింది. అయినా ఒకే ప్రమాణంతో తేల్చిన పోలికను సంపూర్ణ వైవిధ్యచిత్రంగా బోధించడం సరికాదు.

3. తేడా పరిమాణం, తేడా విలువ

విత్తనాల అంగట్లో సాంబ మసూరి, స్వర్ణ, నెల్లూరు మసూరి, జగిత్యాల సన్నాలు వేరువేరు పేర్లు. వంశావళి చూస్తే దగ్గరి బంధుత్వం బయటపడుతుంది. బాపట్లలో రూపొందిన సాంబ మసూరికీ, అంటే బీపీటీ 5204కూ, మారుటేరులో రూపొందిన స్వర్ణకూ మసూరి ఉమ్మడి పూర్వీకురాలు. నెల్లూరు మసూరికీ, జగిత్యాల సన్నాలకూ బీపీటీ 5204 జనకరకం. పేర్లు పెరిగినంత మాత్రాన వైవిధ్యం పెరిగినట్లు కాదని నిరూపించడంలో జన్యుక్రమ పోలిక నిజంగా ఉపయోగపడుతుంది.

అయితే ఇదే పోలికను తిరగవేసి చూడాలి. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరి దాని మూలరకానికి అతి సన్నిహితం. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి అందులో ప్రవేశపెట్టిన మూడు జన్యువులే బాక్టీరియా ఆకు ఎండుతెగులును అడ్డుకొంటాయి. 2009లో వచ్చిన స్వర్ణ-సబ్1 కూడా అంతే. జన్యుదూరపు పట్టికలో స్వర్ణకు పక్కనే ఉండే ఆ రకం, స్వర్ణ కుళ్లిపోయేంత ముంపులో రెండు వారాల వరకు బతుకుతుంది. పరిమాణంలో అత్యల్పమైన తేడా ఫలితంలో పంట దక్కడానికీ దక్కకపోవడానికీ మధ్య ఉన్న తేడా అయింది.

కరువు సీమకు మరింత దగ్గరి ఉదాహరణ డ్రో1 జన్యువు. వేర్లు నేలలోకి లోతుగా దిగేలా చేసే ఈ జన్యువును ఫిలిప్పీన్స్ మెట్టరకం ‘కినండాంగ్ పటాంగ్’లో గుర్తించి, జపాన్ శాస్త్రవేత్తలు 2013లో ప్రకటించారు. ప్రపంచప్రసిద్ధమైన ఐఆర్ 64లో ఈ జన్యువులో ఒక్క అక్షరం లోపించింది. దానితో ప్రొటీను మధ్యలోనే ఆగిపోయి వేర్లు పైపొరలోనే పరచుకొంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతంగా సాగైన కాటన్‌దొర సన్నాలకు, అంటే ఎంటీయూ 1010కు, ఐఆర్ 64 జనకరకం. ఆ లోపం ఈ రకానికి, ఇంకా ఈ ప్రాంతంలో నాటే ఇతర రకాలకు సంక్రమించిందా అన్న ప్రశ్నకు కోట్ల భేదాల పట్టిక అవసరం లేదు. ఒక్క స్థానాన్ని పరీక్షించే సాధారణ పీసీఆర్ సౌకర్యం చాలు.

4. నమూనా అంటే ఏమిటి?

దేశవాళీ రకం ఒకే అచ్చులో పోసిన విత్తనం కాదు. రైతు ఏటా మడిలో ఏరి దాచుకొన్న విత్తనంలో ఎత్తులో, కోతకాలంలో, గింజరంగులో కొద్దికొద్దిగా తేడాపడే మొక్కలు కలిసి ఉంటాయి. వాన ముందువెనుకలైనా ఏదో ఒక భాగం పండటానికి ఆ కలగలుపే ఆధారం. 3,000 జీనోముల ప్రాజెక్టులో నమూనాలను ఒక్క గింజ నుంచి మరో తరం పెంచే పద్ధతిలో శుద్ధిచేసి, ఆ తరువాత జన్యుక్రమం చదివారు. శాస్త్రీయంగా అది అవసరమే. లేనిపక్షంలో ఫలితం గందరగోళమవుతుంది. కాని ఆ శుద్ధిలో రకానికి లోపల ఉన్న వైవిధ్యం తొలగిపోతుంది. రకాల మధ్య తేడాను కొలవడానికి రకంలోని తేడాను ముందే పక్కన పెట్టవలసి వస్తోంది.

జన్యునిధిలో చేరిన విత్తనం వెంట అది ఏ చెరువు కింద, ఏ నేలలో, ఏ నెలలో నాటిందన్న సమాచారం లేకపోతే మరో నష్టం కలుగుతుంది. జన్యుభేదం తెలుస్తుంది, ఆ భేదాన్ని నిలిపిన పరిస్థితి తెలియదు.

5. ముగింపు

ఈ విమర్శ జన్యుక్రమ నిర్ధారణను నిరాకరించడానికి కాదు, దాని ఫలితాన్ని సరిగా చదవడానికి ఉద్దేశించినది. పెన్న, చిత్రావతి ఆయకట్టులలోని వరిని అధ్యయనం చేయదలచిన పరిశోధకులు నాలుగు నియమాలు పాటించడం అవసరం. ఒక్కొక్క దేశవాళీ రకం నుంచి ఒక మొక్కను కాక అనేక మొక్కలను పరిశీలించాలి. నిప్పన్‌బారెతో పాటు ఇండికా, ఆస్ వర్గాల ప్రామాణిక క్రమాలతోనూ పోల్చాలి. విత్తనం వెంట రైతు పిలిచే పేరు, చెరువు, నేల, నాటిన కాలం నమోదు చేయాలి. చివరగా, తేలిన భేదాన్ని నీరు ఆపిన మడిలో పరీక్షించాలి. వీటిలో మొదటి, మూడవ, నాలుగవ పనులకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఆయా ఊళ్ల కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు చేయగలిగినవే.

జన్యునిధిలోని గింజను ఎప్పుడైనా చదవవచ్చు. చెరువు కింద చివరిసారి నాటి, మళ్లీ దాచని గింజను చదివే అవకాశం ఉండదు. అందువల్ల పోలికకు ముందు సేకరణ, అంకెకు ముందు వివరం అన్న క్రమం పరిశోధనలో స్థిరపడవలసి ఉంది.