235 రూపాయల పరుగు

బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ (1953) మొన్న మళ్ళీ చూశాను. జమీందారుకి బాకీ 235 రూపాయలు, గడువు మూడు నెలలు. పొలం దక్కించుకోడానికి శంభు కలకత్తా వచ్చి రిక్షా లాగుతాడు.

ఈసారి నన్ను వదలనిది ఆ పరుగు సీను. ముందు పోతున్న ప్రియురాలి బండిని అందుకోమంటాడు సవారీ. జోరు పెంచితే డబ్బూ పెంచుతానంటాడు. బాల్‌రాజ్ సాహ్నీ మొహంలో ఆయాసం కన్నా ముందు ఆశ కనిపిస్తుంది. అదే భయపెట్టింది నన్ను. చివరికి చక్రం ఊడిపోతుంది.

డెలివరీ కుర్రాళ్ళ ఫోన్లో ‘ఇంకో మూడు ఆర్డర్లు చేస్తే ఇంత’ అని మెరిసే మెసేజ్ కూడా ఇదే కదా. అలాంటి స్క్రీన్‌కి ఒకప్పుడు నేనూ కోడ్ రాశాను. రాస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు, డెడ్‌లైన్ తప్ప.

సినిమాతో పేచీ ఒక్కటే. శంభును వెతుక్కుంటూ వచ్చిన పార్వతి కారు కింద పడటం, ఆస్పత్రికి చేర్చడానికి పిలిచిన రిక్షా సరిగ్గా మొగుడిదే కావటం. ఇంత కాకతాళీయం దేనికి? ఆ కూలి మీద కూడబెట్టింది కరిగిపోడానికి మామూలు జ్వరం చాలు.

చివర్లో మాత్రం రాయ్ ఏమీ పెంచడు. తన పొలంలో లేచిన ఫ్యాక్టరీ దగ్గర శంభు పిడికెడు మట్టి తీసుకుంటాడు. కాపలావాడు అదీ పారబోయిస్తాడు.