తాగేవాడు లేని దుకాణం

స్టీమ్‌లో ఎవరైనా ఒక ఆట గురించి అభిప్రాయం రాస్తే, దాని పక్కన రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, బొటనవేలు పైకా, కిందికా అన్నది. రెండోది, ఆ మనిషి ఆ ఆటని ఎన్ని గంటలు ఆడాడన్నది. మొదటిది రాసేవాళ్ళు ఎంచుకుంటారు. రెండోది వాళ్ళ చేతిలో ఉండదు, దాన్ని కంప్యూటరే లెక్కపెట్టి పక్కన పెడుతుంది. అందుకే అక్కడ చిత్రమైన అభిప్రాయాలు కనిపిస్తాయి. డెబ్భై ఎనభై గంటలు ఆడి "బోర్, కొనకండి" అని తీర్పు ఇచ్చేవాళ్ళుంటారు. నలభై నిమిషాలు ఆడి "అద్భుతం" అనేవాళ్ళూ ఉంటారు. మన పుస్తక సమీక్షల పక్కన కూడా "ఈ సమీక్షకుడు ఇన్ని గంటలు చదివాడు" అని ఓ అంకె పడితే ఎంతమంది సమీక్షలు రాస్తారా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఈ ఆటగాళ్ళ అభిప్రాయాల్ని నేను సాహిత్య విమర్శ చదివినట్టే చదువుతాను. భాష మొరటుగా ఉంటుంది, వాదన సగంలో ఆగిపోతుంది. కానీ ఒక వస్తువుతో అన్ని గంటలు గడిపినవాళ్ళ మాటకి ఒక బరువుంటుంది. వాళ్ళకి ఏదో నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో చెప్పే ప్రయత్నం చేస్తున్నారు. ఎక్కడ నొప్పిగా ఉందో వాళ్ళు సరిగ్గానే చూపిస్తారు. మందు చెప్పే దగ్గరే దారి తప్పుతారని నా అనుమానం. 'హండ్రెడ్ డేస్' అనే ఆట మీద వచ్చిన అభిప్రాయాలు చదివాక ఆ అనుమానం బలపడింది.

'హండ్రెడ్ డేస్' వైన్ తయారుచేసి అమ్మే వ్యాపారం ఆట. బ్రోకెన్ ఆర్మ్స్ గేమ్స్ అనే చిన్న ఇటాలియన్ బృందం తీసింది, 2021లో వచ్చింది. ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో ఎమ్మా అనే అమ్మాయికి పాతబడిన ఒక వైనరీ వారసత్వంగా దక్కుతుంది. అక్కడి నుంచి మనం తోట చూసుకోవాలి, ద్రాక్ష కోయాలి, పిండాలి, పులియబెట్టాలి, సీసాల్లో నింపాలి, ధర పెట్టి అమ్మాలి. ఇందులో ఉన్న తెలివంతా ఒక గళ్ళ పలకలో ఉంది. చేయాల్సిన ప్రతి పనీ టెట్రిస్‌లోలాగా ఒక ఆకారమున్న ముక్క. ఆ ముక్కల్ని పలక మీద ఇరికించాలి. పట్టకపోతే ఆ పని ఈ విడతకి లేనట్టే. ఇంట్లో పెళ్ళిపనులు నెత్తిన వేసుకున్నవాళ్ళకి ఈ పలక వెంటనే అర్థమవుతుంది. చేయాల్సినవి అన్నీ తెలుసు, చోటే చాలదు.

దీని మీద ఆటగాళ్ళు రాసినవి చదువుతూ పోతే అవి రెండు కుప్పలుగా విడిపోతాయి. మొదటి కుప్పలోవాళ్ళు దీన్ని ప్రశాంతమైన ఆట అంటారు. రంగులు బాగున్నాయి, సంగీతం బాగుంది, వైన్ ఎలా తయారవుతుందో తెలిసింది అంటారు. రెండో కుప్పలోవాళ్ళు మొదటివాళ్ళు చెప్పిందంతా ఒప్పుకుంటూనే "కానీ" అంటారు. కొన్నేళ్ళ ఆట అయ్యాక చేసిందే చేస్తున్నాం, డబ్బు కుప్పలుగా పడుతోంది, దాంతో చేసేదేమీ లేదు, ఇది వైన్ వ్యాపారం కాదు, ముక్కలు పేర్చే పజిల్. అందుకని ఇంకొన్ని ద్రాక్ష రకాలు పెట్టండి, ఇంకో దేశం కలపండి, పోటీదారుల్ని తెండి, బ్యాంకు అప్పులు పెట్టండి అని సలహాలిస్తారు.

రెండో కుప్ప చెప్పే నొప్పి నిజం. కానీ ద్రాక్ష రకాలు పెంచితే అది పోతుందా? దీనికి జవాబు కావాలంటే ఈ జాతి ఆటలకి ముత్తాత దగ్గరికి వెళ్ళాలి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బడులకి కంప్యూటర్ పాఠాలు అందించే ఒక సంస్థ ఉండేది. అక్కడ బాబ్ జేమిసన్ 1973లో 'లెమొనేడ్ స్టాండ్' అనే ఆట రాశాడు. 1979లో చార్లీ కెల్నర్ దాన్ని ఆపిల్ టూ కంప్యూటర్‌కి మార్చాడు. ఆపిల్ దాన్ని తన కంప్యూటర్లతో పాటు ఇవ్వడంతో ఒక తరం పిల్లలు దాన్ని ఆడుతూ పెరిగారు. నిమ్మరసం బండి నడపాలి, అంతే. చేతిలో 2 డాలర్లు. రోజూ మూడు నిర్ణయాలు: ఎన్ని గ్లాసులు కలపాలి, 15 సెంట్ల ప్రకటన బోర్డులు ఎన్ని పెట్టాలి, గ్లాసు ధర ఎంత. మొదట్లో గ్లాసుకి 2 సెంట్లే ఖర్చు. మూడో రోజు అమ్మ ఉచితంగా చక్కెర ఇవ్వడం మానేస్తుంది, ఖర్చు 4 సెంట్లవుతుంది. ఏడో రోజు నుంచి 5. ఉరుములతో వాన పడితే ఆ రోజు చేసిందంతా పోతుంది.

ఈ ఆట కోడ్ బేసిక్ భాషలో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకు కథ కంటే ముందు అదే కనబడుతుంది. అందులో కొనేవాళ్ళంతా కలిసి రెండు వరసల సూత్రం. ధర 10 సెంట్లు పెడితే, మామూలు ఎండరోజున, బోర్డులేమీ లేకుండా 30 గ్లాసులు అమ్ముడవుతాయి. ధర దానికంటే తగ్గిస్తే అమ్మకం మెల్లగా పెరుగుతుంది. పెంచితే ధర వర్గానికి విలోమంగా, అంటే దబ్బున పడిపోతుంది. 20 సెంట్లు పెడితే 7 గ్లాసులే పోతాయి. 5 సెంట్లు పెడితే 42 పోతాయి. మొదటి రోజు ఖర్చుతో లాభం లెక్కేస్తే ఈ రెండింటికీ వచ్చేది సరిగ్గా ఒకటే, 126 సెంట్లు. అదే 10 దగ్గర పెడితే 240. ఖర్చు 2 అయినా, 4 అయినా, 5 అయినా లెక్క చివరికి 10 దగ్గరికే వచ్చి ఆగుతుంది. మామూలు ఎండరోజున బోర్డులు ఎన్ని పెట్టినా అదే ధరకి 60 గ్లాసులు దాటవు, ఎందుకంటే ప్రతి కొత్త బోర్డూ ముందుదానికంటే తక్కువ మందిని తెస్తుంది.

అంటే, 10 అన్న అంకె దొరికిన క్షణానే ఆట అయిపోయినట్టు. ఆ తర్వాత మిగిలేది వాతావరణం చూసి గ్లాసుల సంఖ్య సర్దుకోవడం, వాన పడితే తిట్టుకోవడం. ఆ ఊళ్ళో నిమ్మరసం తాగే మనిషి ఒక్కడూ లేడు. పుల్లగా ఉందని మొహం చిట్లించేవాడు లేడు, నిన్న బాగుందని ఇవాళ చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చేవాడు లేడు. చక్కెర ఎక్కువ వేయాలా తక్కువ వేయాలా అన్న ప్రశ్నే ఆటలో రాదు. చక్కెర అందులో ఖర్చు మాత్రమే, రుచి కాదు.

పదేళ్ళ పిల్లలకి గిరాకీ, సరఫరా నేర్పడానికి రాసిన పాఠాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పని అది చక్కగా చేసింది. కానీ దాని తర్వాత వచ్చిన పానీయాల వ్యాపారం ఆటలు చాలావరకు ఆ సూత్రానికే కొత్త గదులు కట్టుకుంటూ పోయాయి. 'హండ్రెడ్ డేస్'లో రుచి ఉంది, నిజమే. టానిన్, పులుపు, తీపి లాంటి లక్షణాలు బార్లుగా కనబడతాయి. అయితే ఆ బార్లు ఒక గీత దగ్గరికి చేరాలి, గీతకి ఎంత దగ్గరైతే అంత మంచి వైన్. ఆ గీత ఎవరి నాలుక? అమ్మిన సీసా ఎవరి ఇంట్లో, ఏ పండక్కి, ఎవరితో గొడవపడ్డ రాత్రి తెరుచుకుందో మనకి తెలియదు. కథలో ఎమ్మా చుట్టూ మనుషులున్నారు, మాట్లాడతారు, పనులు నేర్పుతారు. గ్లాసు ఎత్తి నోట్లో పోసుకునేవాడు మాత్రం అంకెగానే మిగిలిపోయాడు.

అందుకే "ఇంకొన్ని ద్రాక్ష రకాలు పెట్టండి" అన్న సలహా దగ్గర నాకు పేచీ వస్తుంది. కొత్త ద్రాక్ష అంటే కొత్త గీత. ఐదు గంటల్లో ఆ గీత కూడా దొరుకుతుంది. మళ్ళీ అదే విసుగు, మళ్ళీ కిందికి బొటనవేలు. విసుగు పుట్టింది సరుకు తక్కువై కాదు, చేసినదాన్ని అందుకునే మనిషి అవతల లేక.

దీనికి అచ్చంగా ఎదురు కొసన ఇంకో ఆట ఉంది. ఇండోనేషియాకి చెందిన తోగే ప్రొడక్షన్స్ 2020లో తెచ్చిన 'కాఫీ టాక్'. సియాటిల్‌లో రాత్రిపూట మాత్రమే తెరిచే ఒక కాఫీ కొట్టు. మనుషులతో పాటు రక్తపిశాచులు, తోడేలు మనుషులు కూడా వచ్చి కూర్చుంటారు. ఫ్రెయా అనే విలేఖరి నవల రాసుకుంటూ ఎస్ప్రెస్సో తాగుతుంటుంది. వాళ్ళు అడిగింది కలిపి ఇస్తాం, వాళ్ళ గోడు వింటాం. గల్లాపెట్టె లెక్క లేదు, పాల ధర పెరగదు, అద్దె కట్టక్కర్లేదు. దీని మీద వచ్చే ఫిర్యాదు ఏమిటో ఊహించడం కష్టం కాదు: "కథ బాగుంది, కానీ ఇందులో ఆటెక్కడ?" ఒకచోట తాగేవాడు లేని దుకాణం, ఇంకోచోట దుకాణం లేని తాగేవాళ్ళు. ఆటగాళ్ళు రెండు చోట్లా ఏదో వెలితి ఉందంటున్నారు. విడివిడిగా చదివితే రెండు వేరు ఫిర్యాదుల్లా కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చదివితే ఒకటే: లెక్కా, మనిషీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

అలా కూర్చోబెట్టిన ఆట ఒకటుంది. వెనిజులాకి చెందిన సుకేబాన్ గేమ్స్ 2016లో విడుదల చేసిన 'వా-11 హాల్-ఏ'. చూడ్డానికి ఏదో సీరియల్ నంబర్‌లా ఉంటుంది గానీ 'వల్హల్లా' అని పలకాలి. రాబోయే కాలపు ఒక కుళ్ళిన నగరంలో జిల్ అనే అమ్మాయి బార్‌లో డ్రింకులు కలుపుతుంది. ఇంటి అద్దె కట్టాలి. షిఫ్టుకి ముందు ఆమెకి ఏదో ఒక వస్తువు మీద మనసు పడుతుంది. అది కొనకపోతే పనిలో ధ్యాస నిలవదు, కస్టమర్ అడిగిందేమిటో గుర్తుపెట్టుకునే భారం మన మీద పడుతుంది. కొంటే అద్దె డబ్బులకి కోత. పాత కస్టమర్ వచ్చి "ఎప్పుడూ తాగేదే" అంటాడు. అదేమిటో మనకి గుర్తుండాలి. అడిగినదానికంటే మద్యం ఎక్కువ కలిపితే కొందరు వేరే మాటలు మాట్లాడతారు.

వ్యాపారం ఆటగా చూస్తే ఇది చాలా పలుచన. ధర మనం పెట్టం, సరుకు మనం కొనం. కానీ ఒక మనిషి ఏం తాగుతాడో మరిచిపోతే జీతం తగ్గడం, జీతం తగ్గితే అద్దె భయం పట్టుకోవడం అన్న గొలుసు ఇందులో ఉంది. గ్లాసులో పోసినదానికి డబ్బుతోనూ సంబంధముంది, ఎదుటి మనిషితోనూ సంబంధముంది. దీని గురించి రాసే ఆటగాళ్ళు లాభం మాట ఎత్తరు, పాత్రల పేర్లు చెబుతారు. ఎవరికి ఏ డ్రింక్ ఇచ్చారో చెబుతారు. ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయిన దేశం నుంచి వచ్చినవాళ్ళు అద్దె రోజుని ఇంత బరువుగా రాయడంలో నాకు ఆశ్చర్యం కనిపించలేదు.

మళ్ళీ 'హండ్రెడ్ డేస్' దగ్గరికి వస్తే, మొదటి కుప్పలోవాళ్ళు మెచ్చుకున్నదాన్ని కూడా పట్టించుకోవాలి. వాళ్ళు "ప్రశాంతం" అన్న మాట ఊరికే వాడలేదు. వైన్‌లో ఉన్న అసలు వస్తువు కాలం. పీడ్‌మాంట్‌లోనే నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలో అనే వైన్‌ని, నిబంధనల ప్రకారం, కనీసం 38 నెలలు మాగబెట్టాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఈ ఏడు తోటలో చేసిన పొరపాటు మూడేళ్ళ తర్వాత గ్లాసులో బయటపడుతుంది. ఆ గళ్ళ పలక దీన్ని కొంతవరకు పట్టుకుంది. పులుస్తున్న ముక్క పలక మీద చోటు ఆక్రమించుకుని కదలదు, మనం దాని చుట్టూ మిగతా బతుకు సర్దుకోవాలి. ఎదురుచూపుని ఇలా చోటుగా మార్చి చూపించిన ఆట నేను వేరే చూడలేదు. "ఇది పజిల్, వైన్ కాదు" అని కొట్టిపారేసేవాళ్ళు గమనించనిది ఇదే. ఆ పజిల్‌లోనే వైన్ ఉంది.

నేను రోజూ పనిచేసే తెరల మీద కూడా వాడేవాళ్ళు గీతలుగా, బార్లుగానే కనిపిస్తారు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మధ్యలో వెళ్ళిపోయారు, ఎన్ని చుక్కలు ఇచ్చారు. గీత కిందికి వంగితే ఇంకో ఫీచర్ కలుపుదాం అంటాం. ఎందుకు వెళ్ళిపోయారో ఒకరికి ఫోన్ చేసి అడుగుదామని అనేవాళ్ళు తక్కువ. ఆటగాళ్ళు ఆటలకి ఇచ్చే సలహాలు ఇలాగే ఉండటం నన్ను అందుకే ఇబ్బంది పెడుతుంది. అంకెలతో నడిచే ఆటని అంకెల భాషలోనే విమర్శించడం మనకి అలవాటైపోయింది. కథ చదివి "ఇంకో రెండు మలుపులు ఉంటే బాగుండేది" అనడం కూడా ఆ కోవలోదే.

'హండ్రెడ్ డేస్'కి నా బొటనవేలు పైకే. మొదటి పది పదిహేను గంటలకి, ముఖ్యంగా ఆ పలకకి. కానీ ఆ బృందాన్ని ఒక్కటి అడిగే వీలుంటే ద్రాక్ష రకాలు అడగను. ఒకే ఒక్క మనిషిని అడుగుతాను. మొదటి ఏడాది మనం తడబడుతూ చేసిన బార్బెరా సీసాని కొన్నవాడు నాలుగో ఏడాది మళ్ళీ రావాలి. గీత మీద కచ్చితంగా కూర్చున్న మన కొత్త వైన్ తాగి చూసి, "అప్పటిది ఇంకా ఏమన్నా మిగిలిందా?" అని అడగాలి.