ధాతువు చూసిన చూపులు

లాటిన్‌లో ‘స్పెక్’ అంటే చూడడం. ‘స్పెక్టేటర్’లో ఈ ధాతువు కదలకుండా కూర్చుని చూస్తుంది. ముందు ఉపసర్గ చేరిందా, లేచి నడక మొదలుపెడుతుంది. ‘ఇన్‌స్పెక్ట్’లో చూపు లోపలికి దూరుతుంది, ‘ప్రాస్పెక్ట్’లో ముందుకు సాగుతుంది. ‘సర్కమ్‌స్పెక్ట్’ అనిపించుకున్న మనిషి అడుగు వేసేముందు చుట్టూ కలయజూస్తాడు. ఇక ‘సస్పెక్ట్’! అందులో దాగిన ‘సబ్’ అంటే కింద. తల వంచుకునే, రెప్పల కింది నుంచి ఎదుటివాణ్ణి కనిపెట్టే చూపు అది. అనుమానానికి అంతకన్నా నిజమైన బొమ్మ నేను చూడలేదు.

అన్నిటికన్నా నాకు ప్రాణం ‘రెస్పెక్ట్’. ‘రె’ అంటే వెనక్కి, మళ్లీ. ఒకరిని చూస్తాం, దాటిపోతాం, దాటిపోలేక వెనుదిరిగి మరోసారి చూస్తాం. ఆ రెండో చూపే గౌరవం. ఒక్క అక్షరం ఎంత పని చేసిందో! దాని పక్కనే ‘డెస్పైజ్’ ఉంది. అక్కడ చూపు పైనుంచి కిందికి పడుతుంది. ఎదుటివాడు అదే మనిషి, చూసే కళ్లూ అవే. చూపు వాలిన తీరే అతణ్ణి చిన్నబుచ్చింది.

ఈ రుచి మనం ఎరిగినదే. ప్రహారం, ఆహారం, విహారం, సంహారం, పరిహారం అంటూ ఒకే ధాతువు ఎన్ని వేషాలు కడుతుందో తెలుగు చెవికి తెలుసు. అలాంటి పిల్లల చేత ఇంగ్లిషు మాటల్ని అక్షరక్రమంలో బట్టీ పట్టిస్తుంటే మనసు చివుక్కుమంటుంది. 1949లో వచ్చిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’లో నార్మన్ లూయిస్ ధాతువుల చుట్టూ మాటల్ని అల్లాడు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ల చేతుల్లో ఆ పుస్తకం ఇంకా కనబడుతుంటే సంతోషం. అయితే పైపోలికను నమ్మకూడదు: ‘పీడియాట్రిక్స్’లో ఉన్నది గ్రీకు పిల్లవాడు, ‘పెడల్’లో ఉన్నది లాటిన్ పాదం.

మళ్లీ ‘స్పెక్’ దగ్గరికే వస్తాను, వదలబుద్ధి కాదు. కంటికి తోచే రూపమనే అర్థమున్న ‘స్పెక్ట్రమ్’ను న్యూటన్ 1672లో అచ్చయిన లేఖలో పట్టకం విడదీసిన రంగులకు వాడాడు. ఋగ్వేదంలో వరుణుడి వేగులవాళ్లు ‘స్పశులు’. ఆ ‘స్పశ్’, లాటిన్ ‘స్పెక్’ ఒకే మూలం నుంచి పుట్టాయి. మన ‘స్పష్టం’ కూడా అక్కడిదే, కంటికి ఆనినదని. ఠాణాలో ఇన్‌స్పెక్టర్ ఒక సస్పెక్ట్‌ను స్పష్టంగా చెప్పమని గద్దించినప్పుడు, ఆ ధాతువు ఒకే వాక్యంలో మూడుసార్లు పలుకుతుంది.