గుమ్మం ఎటండీ?

2020లో ఎయిర్‌బస్ వారు 'మావెరిక్' అనే రేపటి విమానం నమూనా చూపించారు. రెక్కలూ ఒళ్ళూ ఒకటైపోయి, లోపల పెళ్ళిపందిరిలా విశాలం! ఇంధనం 20 శాతం దాకా ఆదా కావచ్చన్నారు. ముచ్చటే. కానీ ఇల్లు చూడబోయిన ఇల్లాలు పెరటి గుమ్మం ఎటని అడక్కుండా ఉంటుందా?

ప్రమాదమొస్తే సగం తలుపుల్లోంచే, 90 సెకన్లలో, అందరూ బయటపడాలన్నది నియమం. 2006లో ఏ380 లోంచి 873 మంది 78 సెకన్లలో దిగి చూపించారు. గొట్టంలాంటి ఆ విమానానికి రెండు పక్కలా తలుపులే. మరి ఈ పందిట్లో నట్టనడుమ కూర్చున్నావిడ ఎంతమందిని దాటుకుని రావాలి? పైగా అలాంటి పరీక్షల్లో చంటిపిల్లల బదులు బొమ్మల్ని ఎత్తుకుంటారు. మన చంకలో ఉండేది బొమ్మ కాదే!

అందం వద్దనను. ముందు గుమ్మం చూపించమంటాను, అంతే.