చెప్పడానికేమీ లేని తాళం

మా వేంపల్లెలో ఓటీపీ ఇంటి మాటైపోయి చాన్నాళ్లయింది. బెంగళూరు నుంచో కువైట్ నుంచో మనవడు ఫోన్ చేసి, "జేజీ, నెంబరొచ్చింటాది, చూసి చెప్పు" అంటాడు. ఆమె కళ్లద్దాలు వెతుక్కొని ఒక్కో అంకె కూడబలుక్కుంటూ చదువుతుంది. కరెంటు బిల్లుకైనా గ్యాస్ బుకింగ్‌కైనా ఇదే వరస. దూరాన ఉన్న పిల్లలు ఇక్కడి ఇంటిని నడిపే పద్ధతి ఇది, అందులో ప్రేమ ఉంది. మోసగాడు కూడా సరిగ్గా అదే మాటతో వస్తాడు: "అవ్వా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా, నెంబరొచ్చింటాది, చెప్పు." ఈ రెండు ఫోన్ల మధ్య తేడా కనిపెట్టమని డెబ్బై ఏళ్ల మనిషిని అడుగుతున్నాం. డబ్బు పోయాక "ఎందుకు చెప్పినావు?" అని ఆమెనే తిడుతున్నాం. ఇది నాకు పెద్ద అన్యాయంగా తోస్తుంది. చెబితే పోయే రహస్యాన్ని ఆమె చేతిలో పెట్టిందెవరు?

పాస్‌కీ మీద నాకు గురి కుదిరింది ఇందుకే. అందులో చెప్పడానికేమీ లేదు.

ఒక యాప్‌లో పాస్‌కీ పెట్టుకోగానే ఫోన్ ఒక జత తాళంచెవులను పుట్టిస్తుంది. ఒకటి యాప్ వాళ్ల దగ్గరికి పోతుంది. రెండోది మన దగ్గరే దాగి ఉంటుంది, దాన్ని మనం కూడా చూడలేం. లాగిన్ అయ్యేటప్పుడు యాప్ అప్పటికప్పుడు పుట్టించిన కొత్త అంకెల వరసను పంపిస్తుంది. మనం వేలు పెట్టో, ముఖం చూపించో, ప్యాటర్న్ గీసో ఒప్పుకుంటే ఫోన్ దాని మీద సంతకం చేసి పంపుతుంది. బ్యాంకులో నమూనా సంతకంతో పోల్చి చూసినట్టు, అవతలివాళ్లు తమ దగ్గరున్న తాళంచెవితో ఆ సంతకాన్ని సరిచూస్తారు. రేపటి అంకెలు వేరు కాబట్టి ఇవాళ్టి సంతకాన్ని ఎవరు కాజేసినా రేపు పనికిరాదు. అచ్చం బ్యాంకు సైటులాగే కనిపించే దొంగ సైటు తెరిచినా, చిరునామా కలవదు గనుక ఫోన్ సంతకమే పెట్టదు. మన కళ్లు మోసపోయినా అది మోసపోదు.

అసలు చెబితే పోయే రహస్యం, అంటే పాస్‌వర్డ్, కంప్యూటర్లలోకి వచ్చింది 1960ల మొదట్లో. అమెరికాలోని ఎంఐటీలో ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునేవాళ్లు, ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలని ఫెర్నాండో కోర్బాటో బృందం దాన్ని పెట్టింది. ఒక విశ్వవిద్యాలయంలోని కొద్దిమంది కోసం పుట్టిన ఏర్పాటు అది. జంట తాళంచెవుల ఆలోచనను విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ 1976లోనే అచ్చులో పెట్టారు. అది జేబులోని ఫోన్‌దాకా రావడానికి ఇంతకాలం పట్టింది. 2022 మే 5న ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి ఈ పద్ధతికి మద్దతు ప్రకటించాయి. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ వాట్సాప్‌లోకీ పాస్‌కీ వచ్చింది. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ అనే ఏర్పాటుతో మొదట 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి చేరాయి కాబట్టి, మన రాష్ట్రంలో ఆ ఖాతా ఇప్పుడు కబుర్లకు మాత్రమే కాదు.

అయినా వేలు పెట్టమంటే మా ఊళ్లో జంకుతారు. ఆ జంకు ఊరికే రాలేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను తీసి, నకిలీవి చేసి, ఆధార్ చెల్లింపుల దారిన బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మనం విన్నాం. అందుకే ఒక తేడా విడమరిచి చెప్పాలి. రేషన్ అంగట్లో వేసే ముద్రను ఎక్కడో ఉన్న ఆధార్ సర్వర్‌లో దాచిన ముద్రతో పోలుస్తారు. పాస్‌కీకి పెట్టిన వేలు ఫోన్ దాటి పోదు. "ఈ మనిషి ఫోన్ యజమానే" అని ఫోన్ తనకు తానే నిర్ధారించుకోవడానికే అది. శెనక్కాయలు ఒలిచి, చీనీ తోటల్లో పనిచేసి గీతలరిగిపోయిన వేళ్లకు రేషన్ మిషన్ దగ్గర ఎన్ని తిప్పలో అందరికీ తెలుసు. పాస్‌కీ దగ్గర వేలు పడకపోయినా ప్యాటర్న్‌తోనో పిన్‌తోనో పని జరిగిపోతుంది.

అన్ని మోసాలూ దీంతో ఆగవు. మాటలతో నమ్మించి మన చేతే డబ్బు పంపించుకునేవాణ్ణి ఏ తాళమూ ఆపదు. పైగా చాలా యాప్‌లు పాస్‌కీ పెట్టాక కూడా పాత ఎస్సెమ్మెస్ దారిని తెరిచే ఉంచుతున్నాయి. ముందు తలుపుకు పాస్‌కీ అనే ఇనుప గడియ వేసుకొని కూడా, ఎస్సెమ్మెస్‌లో వచ్చే వాట్సాప్ ఆరంకెల కోడ్‌ను ఎవరికైనా చెప్పేస్తే ఫలితం లేదు. వాట్సాప్‌లోనే రెండంచెల పిన్ కూడా పెట్టుకోవాలి.

నాకు అసలు దిగులు ఇంకోచోట ఉంది. మన ఇళ్లల్లో ఫోన్ ఒకరిది కాదు. దాని ప్యాటర్న్ పక్కింటి పిల్లాడికీ తెలుసు. ఫోన్ తెరవగలిగినవాడు పాస్‌కీని కూడా వాడగలడు. కాబట్టి పాస్‌కీ పెట్టుకునే ముందే ప్యాటర్న్ మార్చాలి, ఫోన్‌లో వేరేవాళ్ల వేలిముద్రలు ఎక్కించి ఉంటే తీసేయాలి. పిల్లలకు ఆటలాడుకోవడానికి ఫోన్ ఇవ్వాల్సి వస్తే మనమే తెరిచి ఇవ్వాలి.

రెండో దిగులు మొబైల్ అంగడి గురించి. కొత్త ఫోన్ కొన్న ప్రతిసారీ అంగట్లో పిల్లోడు చకచకా ఒక కొత్త జీమెయిల్ పుట్టించి చేతిలో పెడతాడు. దాని పాస్‌వర్డ్ కొన్నవాళ్లకు తెలీదు, వారం తర్వాత అతనికీ గుర్తుండదు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా పాస్‌కీలు భద్రంగా ఉండేది ఆ గూగుల్ ఖాతాలోనే. ఫోన్ పోయినా పగిలినా, అదే ఖాతాతో కొత్త ఫోన్‌లోకి వెళ్లి, పాత ఫోన్ ప్యాటర్న్‌ గానీ పిన్ గానీ వేస్తే అవి తిరిగి వస్తాయి. ఖాతా పేరే తెలియనివాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మన పక్కనే ఉంది. అక్కడి పిల్లలు సెలవు రోజుల్లో ఊళ్లోకి వచ్చి ఈ ఒక్క పని చేసిపెడితే ఎంతో మేలు: ప్రతి ఇంట్లో పెద్దవాళ్ల గూగుల్ ఖాతా ఏదో కనుక్కోవడం, దానికి ఇంట్లోవాళ్ల నెంబరే రికవరీకి ఉందో లేదో చూడటం, ఖాతా పేరును రేషన్ కార్డు దాచుకునే చోటే కాగితం మీద రాసిపెట్టడం.

ఈ దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చే కొడుకులకూ కూతుళ్లకూ నాదొక మనవి. అమ్మకు కొత్త ఫోన్ తెస్తే పాతదాన్ని వెంటనే అంగట్లో మార్పిడికి ఇచ్చేయకండి. పాత ఖాతాతోనే కొత్త ఫోన్ తెరవండి. వాట్సాప్, బ్యాంకు యాప్ రెండూ అందులో తెరుచుకున్నాయని ఆమె చేత్తోనే చూపించమనండి. పాత ఫోన్‌ను ఖాళీ చేసేది ఆ తర్వాతే.